కర్చీఫ్ వేసిన ఎనిమిది జీపీయూలు

పెళ్లయి ఇరవై మూడు రోజులు. కాకినాడ బస్టాండులో శివకుమార్ కిటికీలోంచి కర్చీఫ్ విసిరి నాకు సీటు ఆపాడని అమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పాను. అంతమాత్రానికే పొంగిపోయే రోజులు.

అదే వారం ఆఫీసు పనిలో నేనూ ఒక కర్చీఫ్ వేశాను.

మెట్టకూరులో అత్తగారింటి ముందుగదే నా ఆఫీసు. మా ల్యాబ్‌లో అందరికీ కలిపి ఒకటే క్లస్టర్, అంటే కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపు. భారీ లెక్కలు చేసే జీపీయూ చిప్‌లు అందులో ఎనిమిదే. ప్రోగ్రాంను కంటైనర్ అనే పెట్టెలాంటి దాంట్లో పెట్టి, ఎన్ని జీపీయూలు కావాలో రాసి పంపితే, పనులు పంచే షెడ్యూలర్ అన్నీ మన పేరున పక్కకు తీస్తుంది. వాడుతున్నామో లేదో దానికి అక్కర్లేదు. మిగిలినవాళ్లు వరసలో ఉంటారు.

శుక్రవారం ఉదయం ఎనిమిది జీపీయూలూ ఖాళీగా కనిపించాయి. నా ప్రోగ్రాం ఇంకా సిద్ధం కాలేదు. ఈలోగా ఎవరైనా తీసుకుంటారేమోనని, నిద్రపోవడం తప్ప ఏ పనీ చేయని కంటైనర్ ఒకటి పంపి ఎనిమిదీ ఆపేశాను. అంతలో శివకుమార్ తనకు సెలవు దొరికిందన్నాడు. ల్యాప్‌టాప్ మూసేసి గోదావరి గట్టుకు వెళ్లిపోయాం.

పదకొండింటికి వేడి పునుగు ఊదుకుంటుంటే ల్యాబ్ గ్రూపులో హన్నక్క మెసేజ్ వచ్చింది. నాకీ ఉద్యోగం ఇప్పించింది ఆవిడే, ఉండేది అడవిపొలంలో. ఇరవై ఊళ్ల వరద మ్యాపులు సాయంత్రం ఐదింటికల్లా కలెక్టరాఫీసుకు పంపాలి, ప్రోగ్రాం నడవడానికి నాలుగు గంటలు పడుతుంది, ఎవరిదైనా అయిపోవచ్చిందా అని అడిగింది.

‘నాదే అక్కా, అయిపోవచ్చింది’ అని రాశాను. గంటలో ఇంటికి వెళ్తాంలే అనుకున్నాను. పడవ ఎక్కాం.

ఇంటికి చేరి కంటైనర్ ఆపేసరికి రెండుంబావు. ఐదింటికి పదమూడు ఊళ్ల మ్యాపులే తయారయ్యాయి. మెట్టకూరు వచ్చింది. అడవిపొలం రాలేదు.

హన్నక్కకు ఫోన్ చేశాను.

“నీ పేరు పక్కన వాడకం సున్నా అని పొద్దున్నే చూశాను సత్యా,” అంది.

“మరి క్లస్టర్ అడ్మిన్‌కి చెప్పాల్సిందక్కా. వెంటనే తీసేసేవాడు.”

“తీసేసి, ఎందుకు పెట్టావని నిన్ను అడిగేవాడు. చేరి మూడు నెలలు కాలేదు. కొత్త పెళ్లికూతురివి, షికారుకెళ్తున్నానని ఒక్క ముక్క చెప్తే నవ్వి ఊరుకునేదాన్ని కదే. అయిపోవచ్చిందన్నావు చూడు, అదమ్మా నొప్పి.”

మిగతా ఏడు ఊళ్ల సంగతి అడిగాను. కారణం రాసిస్తే సోమవారం దాకా గడువు అడుగుతానని మా ల్యాబ్ పెద్ద ఇన్నయ్యగారు అన్నారట. మెషీన్ పాడైందని రాసేస్తానంది. నా పేరు రాకుండా ఉండటానికి.

ముఖం కడుక్కుని వచ్చినా చెంపల మంట తగ్గలేదు. శివకుమార్ పడవలో తీసిన ఫోటోలు చూపించబోయాడు. చూడలేకపోయాను.

గ్రూపు తెరిచి రాశాను: ‘మెషీన్లు బాగానే ఉన్నాయి సార్. ఉత్తి కంటైనర్‌తో ఎనిమిదీ పొద్దుటినుంచి ఆపి ఉంచింది నేను. అయిపోవచ్చిందని అబద్ధం చెప్పిందీ నేనే. హన్నక్కకు గడువు ఇప్పించండి.’

పంపేశాక ల్యాప్‌టాప్ మూయలేదు. మొదట ఎవరు చదువుతారో చూస్తూ అక్కడే కూర్చున్నాను.