పసుపు కాగితం పాఠం

సింధూజకు ఒక పిచ్చి ఉంది. రాసిన పుస్తకాన్ని వదిలిపెట్టదు. బోధన్ దగ్గర మా హైస్కూల్లో ఆమె సైన్సు చెబుతుంది, నేను తెలుగు. ఆరో తరగతి పిల్లలు ఇంటి సామాన్లతో చేసుకునే ప్రయోగాలన్నీ కలిపి ఒక పుస్తకం రాసి, ఎవరైనా ఉచితంగా తీసుకోండి, మార్చుకోండి అని ఇంటర్నెట్‌లో పెట్టింది. భాష దిద్దింది నేను. పెట్టేశాక పని అయిపోయిందనుకున్నాను. ఆమె మాత్రం ప్రతి ఆదివారం ఏదో ఒక వాక్యం తిరగరాసి నాకు పంపేది. నా ఆదివారం కూడా పాడయ్యేది.

"పెండ్లి చేసి పంపినంక గూడ రోజూ పోయి జడలేస్తవా అమ్మా?" అని ఒకసారి దెప్పాను. నవ్వి, పై ఆదివారం ఇంకో వాక్యం పంపింది.

జూన్‌లో బడులు తెరిచిన కొద్ది రోజులకే పసుపు పండించే ఏర్గట్ల నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి సైన్సు టీచర్ శ్రీధర్ ఆ పుస్తకంతోనే పాఠాలు మొదలుపెట్టాడు. మొదటి ప్రయోగం పసుపు కాగితం. ఇంట్లో ఉన్న పసుపు నూరి కాగితానికి పూసి, ఆరాక సబ్బునీళ్లు వేస్తే ఎర్రబడుతుంది. రోజా అనే పిల్ల పుస్తకంలో ఉన్నట్టే చేసింది. నాట్ల రోజుల్లో వాళ్లింట్లో చేతికందే పసుపంటే వరండాలో ఆరబోసిన విత్తనపు దుంపలు. కుళ్లకుండా మందునీళ్లలో ముంచి తీసినవి. నూరిన చేత్తోనే కళ్లు నలుపుకుంది. రెండు కళ్లూ వాచి మూసుకుపోతే దవాఖానకు తీసుకుపోయారు. చూపుకు ప్రమాదం లేదన్నారు.

మాది చెరుకు సీమ. మా వైపు ఇంట్లో పసుపంటే వంటింట్లో ఉండే పొడే. విత్తనం సంగతి ఎవరికీ తట్టలేదు.

"తీసెయ్యమ్మా ఆ పుస్తకం. మనకెందుకీ లొల్లి" అన్నాడు హెడ్మాస్టర్. నాకూ అదే సబబనిపించింది.

"తీసేస్తే పుస్తకం మీద నా పేరు పోతది సార్, తప్పు పోదు" అంది సింధూజ. "ఇప్పటికే దించుకున్నోళ్ల దగ్గర గట్లనే ఉంటది. సరిచేసింది వాళ్లకు యాడ దొరుకుతది మరి?"

ఆ పూటే పాఠం మార్చింది. మొదట్లోనే పెద్దక్షరాలతో పాత ప్రతిలో తాను చేసిన తప్పేమిటో, దానివల్ల ఏం జరిగిందో రాసింది. పుస్తకం వాడుతున్న టీచర్లకు ఫోన్లు మొదలుపెట్టి, సగం మందిని నాకు అంటగట్టింది. గొణుక్కుంటూనే చేశాను.

ఆదివారం ఏర్గట్ల పోదాం రమ్మంది.

"సరిచేసినవు గదా, మళ్ల పోవుడెందుకు?"

"సరైందో లేదో రోజా సదివితేనే తెలుస్తది సార్."

రోజా నాయనమ్మ ఈరవ్వ మమ్మల్ని గుమ్మంలోనే నిలేసింది. "పుస్తకం రాసింది నువ్వేనా? పిల్ల కండ్లు పోతే తెచ్చిస్తుంటివా? ఇగ గా సైన్సు క్లాసుకు పంపేది లేదు."

"తప్పు నాదే అవ్వా" అంది సింధూజ. ఈరవ్వ తిట్టాల్సినంత తిట్టింది. నాకు ఒళ్లు మండింది గానీ, సింధూజ ముఖం చూసి నోరు మూసుకున్నాను.

తర్వాత కొత్త పాఠం రోజా చేతికిచ్చి చదవమంది. పిల్ల కళ్ల వాపు చాలావరకు తగ్గింది. 'విత్తనశుద్ధి చేసిన దుంపలను వినియోగించరాదు' అన్నచోట ఆగి, "గిదేంది టీచర్?" అంది.

ఆ వాక్యం నాది. సింధూజ నావైపు చూడలేదు, అది ఆమె మంచితనం.

"మరి ఎట్ల రాయాలె?"

రోజా ఆలోచించింది. "మందుల ముంచిన పసుపు ముట్టద్దు. ఇంట్ల పెద్దోళ్లను అడిగి, కూరల ఏసే పసుపే తీసుకోవాలె."

సింధూజ అక్కడే ఫోన్‌లో ఆ మాటల్నే పాఠంలోకి ఎక్కించింది. నాకు దిద్దడానికి ఏమీ దొరకలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆమెతో కలిసి పనిచేస్తున్నందుకు గర్వంగా అనిపించింది.

మేం లేవబోతుంటే ఈరవ్వ, "మందు డబ్బ మీద గూడ మస్తు రాస్తరు బిడ్డా" అంది మెల్లగా. "సమజైందా అని ఇంటికొచ్చి అడిగినోడు ఒక్కడు లేడు."

ఈరవ్వ పీట ముందుకు జరిపింది.

"కూసో. గా పుస్తకంల పిల్లలతోని ఇంకేమేం చేయిస్తున్నవో మొత్తం సదువు. నేను వింట. మంచిగుంటే రేపే పంపుత."

సింధూజ కూర్చుని మొదటి పేజీ తీసింది. బస్సుకు టైమైందని చెప్పబోయి, నేనూ పెన్ను తీసుకుని పక్కన కూర్చున్నాను.