మట్టికి చెప్పిన చిరునామా

రోజూ పొద్దున్నే థావో అత్త గుళ్ళో తూదీ తాతయ్య గడ్డానికి పట్టిన అగరుబత్తుల మసి తుడిచి, మూడు కప్పుల టీ పెట్టాకే తన గంజి గిన్నె ముట్టుకుంటుంది. నేలను ఏలే స్వామి కదండీ ఆయన! ఎవరి గడప ఎక్కడుందో ఆయనకు తెలియాలి. అందుకే మేం దణ్ణం పెట్టుకుంటూ ముందు పేరు, ఆ వెంటనే చిరునామా చెబుతాం. లేకపోతే వరం పక్కింటికి పోతుంది. మట్టి సంగతీ అంతే. పోయినేడు కో మామ చిరునామా చెప్పి రమ్మంటే ఆయన వెల్లుల్లి మడి కొత్తింటికి నడిచి వెళ్ళింది. రైల్వే గేటు దగ్గర కాసేపు ఆగిందట, అంతే.

ఈ ఏడు బ్యాటరీల ఫ్యాక్టరీ స్థలం శుభ్రం చేయమని ఉత్తర్వొచ్చింది. ముప్పై ఏళ్ళు సీసం తాగిన నేల అది. థావో మనవరాలు యీ-చున్ ఆ గోడ పక్కనే పాకింది. ఏడేళ్ళొచ్చినా పేరు రాయలేదు, పొద్దస్తమానం కడుపు పట్టుకుని ఏడుస్తుంది. ఇప్పుడు దాని చెల్లెలు అదే గోడ పక్కన పాకుతోంది.

పని చియు అనే మేనేజర్ చేతికొచ్చింది. అప్పుడు ఫ్యాక్టరీ నడిపిందీ ఆయనే. ఆయన మట్టి ఎత్తడు. కింది మట్టి పైకీ, పైది కిందికీ తిరగేసి కలిపేస్తాడు. పరీక్షలో సీసం పలచబడుతుంది, కాగితం మీద నేల శుభ్రం!

"తీసేయరా అయ్యా?" అంది థావో.

"పులుసులో ఉప్పెక్కువైతే నీళ్ళు పోయవూ ముసలమ్మా?"

"ఎన్ని పోసినా తాగేది మా పిల్లేగా!"

ఆయన పకపకా నవ్వాడు.

భూమిపూజ రోజున పంది మాంసం, పల్లీ పాకం పెట్టారు. చియు మూడు అగరుబత్తులు పట్టుకుని పేరు చెప్పి ఊరుకున్నాడు.

"ఇల్లెక్కడో చెప్పండయ్యా," అంది థావో వినయంగా. "లాభం పక్కింటాయనకి పోగలదు."

"వాడికా!" అంటూ చియు ఊరు, వీధి, పన్నెండో అంతస్తు, ఎడమ తలుపు, అన్నీ చెప్పాడు. "పిన్‌కోడ్ కూడానా?"

"కాస్త గట్టిగా. తాతయ్యకి చెవుడు."

గట్టిగానే చెప్పాడు. థావో వంగి నేలను నిమిరింది. "విన్నావుగా తల్లీ. పిలుస్తున్నాడు."

మర్నాడు యంత్రం తిరగేసిన మట్టి తిరగేసినట్టే బయల్దేరింది. సిగ్నళ్ళ దగ్గర ఆగింది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దానికి లిఫ్టు తలుపు పట్టుకున్నాడు. మొదట చియు హాల్లో చీలమండల దాకా, తర్వాత పరుపు మీద, తర్వాత అన్నం కుక్కర్లో. లారీలకెత్తి పంపితే చీకటి పడక ముందే తిరిగొచ్చింది. పెళ్ళాం పుట్టింటికి పోయింది. ఆయన పార పట్టుకుని ఎత్తిపోస్తూనే ఉన్నాడు. పీల్చిందీ అదే, తిన్నదీ అదే.

ఇక్కడ గోడ పక్కన పచ్చటి బంకమన్ను తేలింది. పరీక్షకులు మూడుసార్లు తవ్వి చూశారు. సీసం ఇసుమంతైనా లేదు.

ఆర్నెల్లకి చియు గుడికొచ్చాడు. కుడి మణికట్టు చచ్చుబడి వేలాడుతోంది.

"అత్తా, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఇంకో చిరునామా చెప్పుకోనివ్వండి."

"నాదేముందయ్యా? ఆయన్నడగండి."

నెలవంకల్లాంటి రెండు చెక్కలు అందించింది. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే సరేనన్నట్టు. రెండూ వెల్లకిలా పడితే స్వామి నవ్వుతున్నట్టు.

చియు వేశాడు. రెండూ వెల్లకిలా. మళ్ళీ వేశాడు. మళ్ళీ అంతే. మూడోసారికి చెక్కలు ఏరుకోవడానికి వేళ్ళు రాకపోతే థావోనే ఏరి ఆయన అరచేతిలో పెట్టింది.

రెండూ వెల్లకిలా.

"వేయండయ్యా, వేయండి," అంది థావో, టీ కప్పులు కడుగుతూ. "తాతయ్యకి తీరికే."