బట్టీ మలుపులో ఆగని బస్సు

బ్రేకు పెడలు నేలకంటా దిగిపోయింది. డ్రైవరు మళ్లీ తొక్కాడు. మళ్లీ. ఉత్త గాలిని తొక్కినట్టే ఉంది. కొండవాలు అప్పుడే మొదలైంది.

"చెల్లెమ్మా, అందర్నీ వెనక్కి తోలు!" అని అరిచాడు.

కండక్టరమ్మ అద్దంలోంచి ముందుకి చూసింది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మధ్యలో బస్సు పట్టేంత రోడ్డు. ఊళ్లో మిగిలిందే మూడొందల మంది. అందులో నలభై మంది ఈ రేకు డబ్బాలో ఉన్నారు. ఊరికి రోజుకి ఒకే ఒక్క బస్సు మరి.

"లేవండి! వెనక్కి నడవండి! పిల్లల్ని ఒళ్లో పట్టుకోండి!"

"ఏమైందే తల్లీ?" అన్నాడు ముసలి టైలరు.

"తర్వాత చెప్తా బాబాయ్, ముందు కదులు!"

"చావడానికి కూడా తొక్కిసలాటేనా?" అని ఎవరో ఆడమనిషి గొణిగింది.

డ్రైవరు గేరు తగ్గించాడు. ఇంజను గావుకేక పెట్టింది. వేగం చాలినంత తగ్గలేదు. ఇక దారి లేక స్టీరింగుని కొండవైపు తిప్పేశాడు. రాయికి రేకు ఒరుసుకుంది, కిటికీలు ఒక్కొక్కటే పగిలాయి. చివరికి ఒక బండకి గుద్దుకుని బస్సు ఆగింది. పది బారల ముందు రోడ్డు వంపు తిరిగింది. ఆ వంపు అవతల అంతా శూన్యం.

ప్రాణాలు దక్కాయి. టైలరు చెయ్యి వేలాడుతోంది. డ్రైవరు నుదురు చిట్లి కన్నంతా నెత్తురు. ఆ కంటితోనే బస్సు కిందికి దూరి చూసి వచ్చాడు.

"బ్రేకు పైపుని ఎవరో సగం కోసి వదిలారు. గట్టిగా తొక్కేసరికి తెగిపోయింది."

"తాగి నడిపి కథలు చెప్తావా?" పిండిమర ఆసామి అతని కాలరు పట్టుకున్నాడు. ఇంకో నలుగురు తోడయ్యారు. లోయ అంచుకి ఈడ్చుకుపోతున్నారు. కండక్టరమ్మ అడ్డం పడితే పక్కకి నెట్టేశారు.

అప్పుడే పైనుంచి జీపు దూసుకొచ్చింది. అది ఆమె తమ్ముడిది. ఊరంతా వాణ్ని జీపు చిన్నోడంటారు. వాడు బస్సు వైపు చూడలేదు, నెత్తురు వైపూ చూడలేదు. సరాసరి వచ్చి ఆమె భుజాలు పట్టుకున్నాడు.

"అక్కా! నువ్వెందుకెక్కావు? ఇవాళ నీకు సెలవు కదా! ఇంటికెళ్తే తాళం!"

"ఇంకో కండక్టరు పాపకి జ్వరమంటే డ్యూటీ మార్చుకున్నా. నేనెక్కితే ఏంట్రా?" అంటూనే ఆమె వాడి కళ్లలోకి చూసింది. "ఏమైందని అడగవేంట్రా?"

వాడి మొహంలో కత్తి వేటుకి నెత్తురు చుక్క లేదు.

"ఊరు దాటగానే, ఇటుక బట్టీ మలుపులోనే బ్రేకు లేదని తెలిసిపోతుందనుకున్నా అక్కా," అన్నాడు గుసగుసగా. "అక్కడ ఆ మూడిళ్లవాళ్లు ఎక్కుతారు కదా, ఆపడానికి తొక్కుతాడు. అంతా చదును. బస్సు అక్కడే మూలపడుద్ది, నాలుగు రోజులు జనం నా జీపెక్కుతారు, అంతే. ఈ బస్సొచ్చాక నా మొహం చూసే నాథుడే లేడు."

"ఆ మూడిళ్లు ఖాళీ చేసి పోయార్రా. పోయిన వారమే. అక్కడ ఎక్కేవాళ్లు లేరు. ఊళ్లోంచి బయల్దేరితే ఇక బ్రేకు తొక్కేది ఇక్కడే."

వాడు నిలుచున్నచోటే కూలబడ్డాడు. "ఎవరికీ చెప్పకు అక్కా. నీ కాళ్లు పట్టుకుంటా."

చంకనేసుకుని పెంచిన తమ్ముడు. డ్రైవరునే ఇలా ఈడుస్తున్న జనం వీణ్నేం చేస్తారో! అవతల డ్రైవరు మడమల కింద రాళ్లు జారి లోయలోకి దొర్లుతున్నాయి. "చెల్లెమ్మా!" అన్నాడతను. ఆ గొంతులో ఆశ లేదు.

ఆమె తన కాళ్లని చుట్టుకున్న తమ్ముడి వేళ్లు ఒక్కొక్కటే విడదీసుకుంది.

"డ్రైవరన్నని వదలండి!" అని కొండ దద్దరిల్లేలా అరిచింది. "పైపు కోసింది జీపు చిన్నోడు! నా తమ్ముడు!"