గడపలో పిలుపు

ప్రభావతి బతికున్నన్నాళ్లూ ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఊరికి పోయేటప్పుడు, తాళం వేసే ముందు, ఇంటి పెద్దామె గడపలో నిలబడి అందరినీ పేరుపేరునా పిలవాలి. ఆమె కొడుకునూ కోడలినీ మనవరాలినీ పిలిచాక, పదేళ్ల కింద పోయిన భర్తను కూడా పిలిచేది. కోడలు మృదుల నవ్వితే, "పిలవకుంటే పోయినోళ్లు ఎట్లొస్తరే?" అనేది.

ఆమె పోయిన ఎనిమిది నెలలకు సిద్ధార్థ్, మృదుల నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులోని ఆ కిరాయి ఇల్లు ఖాళీ చేశారు. ఇద్దరివీ లాప్‌టాప్ మీద చేసే కొలువులే. సామానంతా అమ్మి పెద్ద కారు కొన్నారు. ఏడాదిపాటు ఊళ్లు తిరుగుతూ ఎక్కడుంటే అక్కణ్నుంచే పని చేద్దామనుకున్నారు. ఆరేళ్ల శ్రీనిధికి చదువూ కారులోనే.

ఆ రోజు గడపలో నిలబడే వంతు మృదులది. కారు అడ్డమైందని సందులో ఆటోవాళ్లు హారన్లు కొడుతున్నారు. గబగబా భర్తనూ బిడ్డనూ పిలిచింది, మామనూ పిలిచింది, తాళం వేసింది. అత్త ఎప్పుడూ పిలిచే మనిషే గాని, ఇప్పుడు పిలవాల్సిన మనిషని ఆమెకు తట్టలేదు.

ప్రయాణం బాగానే సాగింది. శ్రీనిధి మాత్రం వెనక సీటంతా ఖాళీగా ఉన్నా కిటికీకి అతుక్కుని కూర్చునేది. ఎందుకని ఎవరూ అడగలేదు.

మీటింగుల్లో కారులో ఆరేసిన బట్టలు కనిపించకుండా సిద్ధార్థ్ తెర మీద తన వెనక పాత గది ఫొటో పెట్టుకునేవాడు. ఖాళీ చేసే ముందు రోజు తీసింది. పసుపు గోడ, కిటికీ, తలుపు, తల్లి కూర్చునే కేన్ కుర్చీ.

హంపిలో ఉండగా ఒక మీటింగులో భానుతేజ అడిగాడు, వెనక కూర్చున్నది మీ అమ్మనా అని. అతను ఆఫీసులో కొత్తగా చేరినవాడు, ఆమె పోయిన సంగతి తెలియదు. సిద్ధార్థ్ తెర చూసుకుంటే కుర్చీ ఖాళీగానే ఉంది. గోకర్ణలో మళ్లీ భానుతేజే, "ఆంటీ నిలబడే ఉన్నరేంది, జర కూసోమను అన్నా" అన్నాడు. కన్యాకుమారికి వచ్చేసరికి ఆమె తలుపు దగ్గరుందన్నాడు. సిద్ధార్థ్ కోపంగా లాప్‌టాప్ మూసేశాడు.

మృదుల మాత్రం భానుతేజకు ఫోన్ చేసి ఆమె చేతిలో ఏముందని అడిగింది. మూత తిప్పే మరచెంబు, అన్నాడు. ప్రభావతి ఊరికి పోతే నీళ్లు పట్టుకుపోయే చెంబు అది. ఆమె పోయిన పదకొండో రోజున మృదులే దాన్ని దానమిచ్చింది.

ఆ శుక్రవారమే ఇంటి ఓనరు నాగరత్నం ఫోన్ చేసింది. సోమవారం ఇల్లు కూలగొడుతున్నరు, ఏమన్న మరిచిపోతే తీసుకపోండ్రి అని. గడపలో తను ఎవరిని పిలవలేదో మృదులకు అప్పుడు తట్టింది. గడపే పోతే ఇక ఎక్కడ నిలబడి పిలవాలి?

"ఖాళీ గది కోసం రెండు దినాలు బండి నడపాల్నా?" అన్నాడు సిద్ధార్థ్.

"మరిచింది నేను. నువ్వు రాకుంటే బస్సెక్కి పోతా."

అతను కారు వెనక్కి తిప్పాడు.

ఆదివారం మధ్యాహ్నం అబిడ్స్‌లో ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. ఆ జనంలోంచి మెల్లగా నాంపల్లి సందుకు చేరారు. తలుపులు, కిటికీలు అప్పటికే ఊడదీసుకుపోయారు. గడప మాత్రం ఉంది. శ్రీనిధిని కారులోనే ఉంచి ఇద్దరూ దిగారు. అంతవరకూ గొణిగిన సిద్ధార్థ్ చెప్పులు విడిచి పక్కన నిలబడ్డాడు.

"అత్తమ్మా, తప్పయింది," అంది మృదుల. "రాండ్రి, పోతున్నం."

ఏమీ కాలేదు. స్టేషన్‌లో రైలు కూసింది. వేయడానికి తలుపు లేదు, తాళం లేదు. ఇద్దరూ వచ్చి కారెక్కారు.

వెనక సీట్లో శ్రీనిధి పుస్తకంలోంచి తలెత్తింది. తన పక్కకు తిరిగి, ఎన్నో నెలలుగా అలవాటైన మనిషితో అన్నట్టు మెల్లగా అంది:

"తాతా, జర జరుగు. నాయనమ్మ కూసుంటది."

తాళంచెవి తిప్పబోయిన సిద్ధార్థ్ చేయి ఆగిపోయింది. ఆ తాత పోయిన నాలుగేళ్లకు పుట్టింది శ్రీనిధి.

మృదుల వెనక్కి తిరిగి చూడలేదు. అత్తకు మోకాళ్ల నొప్పులు. కాళ్లు చాపుకోవడానికి చోటుండాలని తన సీటును ముందుకు జరుపుకుంది.