నక్షత్రాన్ని కాపాడిన కర్ర

నేను ఒక కర్రను. అనుమానముంటే నా అద్దాల బీరువా మీద అంటించిన చీటీ చదువుకోండి: ‘నక్షత్రాన్ని కాపాడిన కర్ర’. మూడంటే మూడు మాటలు, అందులో రెండు అబద్ధాలు. మొదటిది, నేను కర్రను కాను. పళ్లు కుట్టుకునే పుల్లంత చెక్క కూడా నా ఒంట్లో లేదు. నల్లటి కార్బన్ నారను పొరలు పొరలుగా అచ్చుకు చుట్టి, పొయ్యిలో పెట్టి కాలిస్తే పుట్టాను. అచ్చులో పుట్టినా అచ్చోసి వదిలిన రకాన్ని మాత్రం కాదు. ఇక రెండో అబద్ధం సంగతి చెప్పడానికే ఈ ఆత్మకథ.

ఓడెక్కి విశాఖపట్నంలో దిగాను. అక్కడ మహిళల ఐస్ హాకీ లీగ్ కోసం వాల్తేరులో ఒక మంచు మైదానం కట్టారు. బయట ముప్పై ఎనిమిది డిగ్రీలు, లోపల మైనస్ ఐదు. జనం చెమట తుడుచుకుంటూ వచ్చి, మఫ్లర్లు చుట్టుకుని కూర్చునేవారు. మా జట్టు పేరు వాల్తేరు సొరలు. ఓడిపోయిన రోజున మా అభిమానులే సొరకాయలనేవారు.

నన్ను మొదట అందుకున్న చేతులు స్టాంజిన్‌వి. లద్దాఖ్ పిల్ల, గడ్డకట్టిన చెరువు మీద నడక నేర్చింది. రబ్బరు బిళ్లను పక్ అంటారు కదా, అది ఆమె పక్కనుంటే పక్కా గోల్. అందుకే ఆమె జట్టుకి నక్షత్రం. నన్ను నాలుగు సార్లు వంచి చూసి, “ఇది వంగదు” అని పక్కన పెట్టేసింది. వంగి వంగి దండాలు పెట్టేవాళ్లనే అందరూ మెచ్చుకుంటారని అప్పుడే తెలిసింది.

నక్షత్రాలకు గ్రహాల బాధ తప్పదు. స్టాంజిన్‌ను ఆడి ఆపడం చేతకాని జట్లన్నీ కర్రతో ఆపడం మొదలెట్టాయి. మణికట్టు మీద ఒకటి, మోచేతి మీద ఒకటి, వెనకనుంచి కర్ర వంపుతో కొంకె వేసి ఒకటి. కిందటేడు ఎడమ మణికట్టు విరిగి సగం ఆటలు బయటే కూర్చుంది. రిఫరీ చక్రధర్ గారిని అడిగితే, “కర్రకు కర్ర తగలడం ఆటలో భాగమే” అనేవారు. మంచు మీద ఆడినంత మాత్రాన మంచి మీద ఆడినట్టు కాదు.

పైగా ముఖానికి ఇనప జాలీ లేదు, కళ్ల వరకు అద్దం ముక్క మాత్రమే. జాలీ ఉంటే టీవీలో నక్షత్రం నవ్వు కనపడదట! నవ్వు కనపడాలి గనక జాలీ తీసేశారు. ఆ నవ్వు మిగలాలి గనక కాపలాకి ఒక మనిషిని పెట్టారు. మనుషుల తెలివి మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

ఆ కాపలా మనిషే పైడితల్లి. జాలరిపేట ఆడపిల్ల. చక్రాల బూట్లతో రోలర్ హాకీ ఆడి ఆడి మంచు మీదికి జారింది. నిలబడితే తలుపు, కదిలితే లారీ. మేనేజర్ జోగినాథం గారు చేర్చుకున్న రోజునే చెప్పేశారు.

“చూడమ్మా, స్టాంజిన్ ఒంటి మీద ఇంకో గీత పడితే జట్టులో నీ పేరు మీద గీత పడుతుంది.”

“గీత గాదు బావూ, దోమ కూడా వాల్నీను,” అంది పైడితల్లి.

స్టాంజిన్ పక్కన పడేసిన నన్ను అప్పుడే చేతిలోకి తీసుకుంది. అందరూ కర్రను గడ్డం దాకా కోయించుకుంటారు. ఈమె నన్ను కొయ్యనివ్వలేదు, కనుబొమల దాకా ఉంచింది. “మా అయ్య పడవ గెడ పొట్టిదైతే ఒడ్డే సేరదు,” అని శాస్త్రం చెప్పింది. పక్‌ను కొట్టే కొసకి అందరూ ఒక వరస టేపు చుడతారు. ఈమె తెడ్డుకి తాడు చుట్టినట్టు నాలుగు వరసలు చుట్టి పైన ముడి వేసింది. లీగ్ మొత్తంలో మూతికి తలపాగా ఉన్న కర్ర నేనొక్కదాన్నే.

ఆమె కాపలా పద్ధతి వేరు. ఎవరినీ కొట్టేది కాదు. స్టాంజిన్ మీద చెయ్యేసినవాళ్ల పక్కనే చేరి, నన్ను మంచు మీద రెండుసార్లు టకటకలాడించి మాటలు మొదలెట్టేది. వాళ్లమ్మ హార్బరులో చేపల వేలంపాట పాడే మనిషి, ఆ గొంతే ఈమెకూ వచ్చింది. నిజంగా భయపడనిది ఒక్కతే, గోల్కొండ వజ్రాల జట్టులోని సమ్మక్క. వరంగల్ పిల్ల. వజ్రం గాజును కోసినట్టు మణికట్లు కోసేది.

“ఏందక్కా, గట్ల గుడ్లురిమి జూస్తున్నవ్?” అనేది.

“నీ కర్ర కొలత సూత్తన్నానే. నీ నాలిక పొడుగా, అది పొడుగా అని!”

ఆ ఏటి ఫైనల్ మా రెండు జట్లకే పడింది. చెరి రెండు గోల్స్. ఆట ఇంకా నాలుగే నిమిషాలు. మైదానంలో గోల్ తక్కువ, గోల ఎక్కువ. పక్ కోసం స్టాంజిన్ అంచు గోడ దగ్గరికి దూసుకెళ్లింది. వెనకే సమ్మక్క, కర్ర పైకెత్తింది. అది దిగితే పాత మణికట్టు మీదే. పైడితల్లి లారీలా వచ్చేసి, ఆ కర్రను పైకి తన్నడానికి నన్ను కింద నుంచి విసిరింది.

గడ్డం దాకా ఉండి ఉంటే సరిపోయేది. నేను కనుబొమల దాకా ఉన్నాను కదా! సమ్మక్క కర్రను తప్పించి, దాటి, పైకి పోయి, నేరుగా స్టాంజిన్ మూతి మీద తగిలాను.

నేనే. కాపాడవలసిన నేనే.

చక్రధర్ గారు వెనక్కి తిరిగేసరికి కనపడింది ఇంతే: స్టాంజిన్ నోట్లో రక్తం, పైకి లేచి ఉన్న సమ్మక్క కర్ర. ఈల మోగింది. మూతి మీద కర్ర తగిలితే రెండు నిమిషాల శిక్ష, రక్తం కనపడితే నాలుగు. అంటే మిగిలిన ఆటంతా గోల్కొండ ఒక మనిషి తక్కువతో ఆడాలి.

“సార్, నేను గాదు! ఒట్టు సార్, ఈసారి నిజంగ నేను గాదు!”

“ప్రతిసారీ అదే అంటావు. డబ్బాలోకి నడు!” అన్నారు చక్రధర్ గారు.

శిక్ష పడినవాళ్లను కూర్చోబెట్టే అద్దాల డబ్బాలో సమ్మక్క కూలబడింది. స్టాంజిన్‌ను కుట్లకి తీసుకెళ్లారు. వాల్తేరు జనం ఎగిరి గంతులేస్తున్నారు. పైడితల్లి తల దించి నన్ను చూసింది. నా తలపాగా మడతలో, రెండో వరసకీ మూడో వరసకీ మధ్య, తెల్లగా, నిలువుగా ఒక పన్ను!

కప్పు, కాంట్రాక్టు, పరువు అన్నీ ఆ క్షణాన నా మూతి మీదే ఉన్నాయి. టేపు చింపి పారేస్తే సరి. ఎవరూ చూడలేదు. సొంత జట్టు మనిషికి తగిలించినందుకు నియమాల్లో శిక్ష కూడా లేదు. శిక్ష ఉన్నది జోగినాథం గారి కలంలో. ఆమె వేళ్లు టేపు కొసను పట్టుకున్నాయి, సగం లాగాయి. అటు డబ్బాలోంచి సమ్మక్క మొదటిసారి ఏ తిట్టూ తిట్టకుండా చూస్తోంది.

వేళ్లు ఆగాయి. పైడితల్లి జారుకుంటూ రిఫరీ దగ్గరికి పోయింది.

“బావూ, దాన్ని ఒగ్గీయండి. కొట్టింది నాను. ఇదిగో సాచ్చికం,” అని నన్ను ఆయన ముక్కు కింద పెట్టింది.

చక్రధర్ గారు చాలాసేపు చూశారు. దేశంలో ఎన్నో పన్నులు చూసినవారే గానీ, ఇలా సొంత ఇంటి మీదే వేసుకున్న పన్నును చూడటం ఆయనకదే మొదలు. శిక్ష రద్దయింది. జోగినాథం గారు తల పట్టుకున్నారు, తనదే.

అప్పుడు వచ్చింది స్టాంజిన్. మూడు కుట్లు, వాచిన పెదవి, నెత్తిన సాధన రోజుల్లో పెట్టుకునే ఇనప జాలీ హెల్మెట్. టీవీవాళ్లు గోల పెట్టినా తియ్యలేదు. తెలుగు మొత్తం పైడితల్లి దగ్గరే నేర్చుకుంది కాబట్టి ఇలా అంది: “నవ్వడానికి పళ్లుండొద్దేటి?”

పొరపాటు తీర్పు ఇచ్చిన చిన్నతనంతో చక్రధర్ గారు ఇప్పుడు పక్‌ను వదిలేసి కర్రల్నే చూస్తున్నారు. ఆ సంగతి సమ్మక్కకి తెలియదు. నిమిషం తిరక్కుండా అలవాటు కొద్దీ స్టాంజిన్ మణికట్టు మీద ఒక దెబ్బ తగిలించింది. ఈల! రెండు నిమిషాలు. చెయ్యని తప్పుకి డబ్బాలోంచి బయటపడి, చేసిన తప్పుకి మళ్లీ అదే డబ్బాలోకి. ఈసారి ‘నేను గాదు’ అనలేదు.

ఆ రెండు నిమిషాల్లో మేం గోల్ కొట్టి ఉంటే కథ అందంగా ఉండేది. గోల్ బదులు గోల్ స్తంభాన్ని రెండుసార్లు కొట్టాం. గడువు తీరి డబ్బాలోంచి దూకిన సమ్మక్క కాళ్ల ముందుకే పక్ వచ్చి పడింది. ఎదురుగా గోల్ కీపరు తప్ప ఎవరూ లేరు. మూడు–రెండు. కప్పు గోల్కొండకి పోయింది.

పోతూ పోతూ సమ్మక్క మా దగ్గర ఆగింది. “అక్కా, నువ్వు నిజం జెప్పకుంటే నేనింకా గా డబ్బాలనే కూసుండేదాన్ని. గోల్ మొత్తం నాది గాదు, సగం నీదే.”

“ఒసే, కప్పు పట్టుకుపోతా సగం గోల్ ఒగ్గెల్తావేటే? దాన్ని ఏటి సేసుకోనే నాను?”

బట్టల గదిలోకి జోగినాథం గారు కాగితం, కలం పట్టుకుని వచ్చారు. “స్టాంజిన్ మీద గీత పడింది. మాటంటే మాటే,” అన్నారు.

స్టాంజిన్ ఐస్ ముక్క పెదవికి అద్దుకుంటూ లేచింది. “గీత గీస్తే రెండు గీయండి సార్. నా పేరు మీద కూడా. లేదంటే వచ్చే ఏటి నుంచి అందరికీ జాలీ పెట్టించండి. అక్క ఉంటాది. కర్ర పొట్టి సేసుకుంటాది.”

నక్షత్రం అలిగితే ఆకాశం ఏమవుతుందో జోగినాథం గారికి తెలుసు. కలం జేబులోకి పోయింది. మరునాడు పైడితల్లి రంపం తెచ్చింది. పొట్టి చెయ్యడానికి నన్ను కాదు, కొత్త కర్రను కోసింది, గడ్డం దాకా, అయ్య శాస్త్రం పక్కన పెట్టి. నన్ను తలపాగాతో సహా జట్టు ఆఫీసు గుమ్మం దగ్గర అద్దాల బీరువాలో నిలబెట్టారు. చీటీ రాసింది జోగినాథం గారే. జరిగింది రాస్తే జట్టుకి చిన్నతనమట.

మరుసటి ఏటి నుంచి లీగ్ అంతటా జాలీ తప్పనిసరి చేశారు. స్టాంజిన్ ఆ ఖాళీలో కొత్త పన్ను పెట్టించుకోలేదు. జాలీ వెనక ఎవరికి కనపడుతుంది? పాతది నా దగ్గరే, రెండో వరసకీ మూడో వరసకీ మధ్య భద్రంగా ఉంది. పొద్దున్నే సాధనకి పోతూ పైడితల్లి అద్దం మీద రెండుసార్లు టకటకలాడిస్తుంది. స్టాంజిన్ వంగి తన పన్నును పలకరించి పోతుంది.

ఇన్నాళ్లు ఇక్కడ నిలబడి ఆలోచించాను. చీటీలో రెండు అబద్ధాలున్నాయని మొదట చెప్పాను కదా, ఒకటి వెనక్కి తీసుకుంటున్నాను. నేను కర్రను కాకపోవచ్చు గానీ, నక్షత్రాన్ని కాపాడిన మాట నిజమే. ఒక్క పన్ను రాలగొట్టి, ముప్పై ఒకటి కాపాడాను.