లోపల తవ్వుకున్న కాలవలు

గంగాధరరావు చుక్క ముట్టని మనిషి. అయినా లివరు గట్టిపడిపోయింది. ఎప్పుడో కామెర్ల వైరస్ చేరిందని డాక్టర్లు చెప్పారు, చాటుగా తాగాడని ఊరు చెప్పింది. కుండకి మూకుడు పెట్టగలం గానీ ఊరి నోటికి పెట్టగలమా?

అది చాలదన్నట్టు, పేగుల నుంచి లివరుకి రక్తం తీసుకెళ్లే పెద్ద నరంలో గడ్డ కట్టింది. అమలాపురంలో డాక్టర్ సుప్రియగారు రక్తం పల్చబడే మాత్ర రాశారు. అక్కడొచ్చింది తంటా. పోయినేడు ఆయన రక్తం కక్కుకుంటే బేసిన్ పట్టింది భార్య సూర్యావతి. చిక్కగా ఉన్నప్పుడే ఆగని రక్తం, పల్చబడితే ఆగుతుందా? ఎవరినీ అడగలేదు మహాతల్లి. మాత్రలు దాచేసి నెలరోజులు దానిమ్మ రసం పోసింది. చేతిలో ఏం పెడితే అది మింగే మనిషాయన.

నెల తిరిగాక స్కాను గదిలో ఆయన బల్ల మీద పడుకుంటే ఆవిడ పక్కనే నిలబడింది. తెర మీద రక్తం పారే చోటల్లా ఎరుపూ నీలమూ కదులుతున్నాయి. గంగాధరరావు ముప్పయ్యేళ్లు కాలవ లస్కరుగా పొలాలకు నీళ్లు వదిలినవాడు. తెర చూసి సగం లేచాడు.

"ఆ పూడిక చుట్టూ సన్నగా పారేవేంటండీ?"

"కొత్త నరాలండి. పెద్దది మూసుకుపోతుంటే ఒళ్లే వేసుకుంది."

"ఎవరు చెప్పేరండి దానికి?"

ఎవరూ చెప్పలేదన్నారు డాక్టరుగారు. గంగాధరరావు లెక్కలో పొలానికి చిన్న బోదె కాలవ తవ్వాలన్నా ఇంజనీరు రావాలి, కొలతలు తియ్యాలి, రైతులు కొట్టుకోవాలి. ఇక్కడ ఆయన అన్నం తింటూ, నిద్రపోతూ ఉండగానే పని జరిగిపోయింది. సూర్యావతి తెరకే దణ్ణం పెట్టేసింది.

సంబరపడొద్దన్నారు డాక్టరుగారు. వాటి గోడలు పల్చన, లోపల ఒత్తిడి పెరిగితే చిట్లుతాయి. పోయినేడు గొంతు కింద చిట్లినవి అలాంటివే. మళ్లీ చిట్లకుండా వాటికి రబ్బరు బ్యాండ్లు వేశాకే ధైర్యం చేసి మాత్ర ఇచ్చారు. పెద్ద నరం మాత్రం కిందటిసారి కంటే ఎక్కువ మూసుకుపోయింది.

"మాత్ర రోజూ వేస్తున్నారా అండీ?"

అబద్ధం సూర్యావతి నాలిక చివరిదాకా వచ్చింది.

"నేనే మానిపించేనండి. ఆయనకి తెలీదు. మళ్లీ రక్తం పడతాదని భయమేసిందండి."

డాక్టరుగారు మళ్లీ తెర చూసి, పెద్ద నరంలో ఇంకా కొంత పారుతోందనీ, ఇవాళే మాత్ర మొదలెట్టాలనీ చెప్పారు.

గంగాధరరావు పొట్ట మీద రాసిన స్కాను జిగురు తుడుచుకుంటూ భార్య వైపు చూశాడు.

"మా ఆవిణ్ణేమీ అనకండి డాక్టరుగారూ. నేను బతకాలనే లోపల నరాలు అడ్డదారి తొక్కేయి. ఈవిడా అంతే."

సూర్యావతి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది.