నీలి కుట్టు

గెర్లిండ్ అర్ధచంద్రాకారపు కత్తిని పైనుంచి కిందికి ఒక్క లాగు లాగింది. చట్రానికి బిగించిన దూడతోలు డప్పులా మోగింది. తోలు అంచుల్లో నది గులకరాళ్లు చుట్టి, వాటి మెడలకు తాళ్లు కట్టి, ఆ తాళ్లను కొయ్యమేకులకు బిగించింది. మేకు తిప్పిన కొద్దీ తోలు సాగుతుంది. సున్నపు నీళ్లలో నాని నాని ఆమె వేళ్ల చివర్లు గీతలన్నీ పోయి నున్నబడ్డాయి. కుడి భుజం ఎడమ భుజం కంటే కిందికి దిగింది. పొద్దుటి నుంచీ గుండెల్లో ఏదో పట్టేసినట్టుంది. అయినా దాన్ని పట్టించుకునే తీరిక ఇవాళ లేదు.

ఇవాళ కొత్త కీర్తనల గ్రంథం గుడిలోకి వస్తోంది. ఆమె గీకిన తోళ్ల మీదే దాన్ని రాశారు.

"ఏమే, పెళ్లికూతురిలా గుమ్మం కేసి ఆ చూపులేంటి?" అంది హాడ్విగ్, తొట్టిలో తోళ్లు కలియబెడుతూ.

"పుస్తకం ఇవాళేనట అక్కా!"

"వస్తే రానీ. తోళ్ల కంపు మనకి, సొంపు వాళ్లకి."

వాళ్లంటే నల్లముసుగులు. చదువుకున్నవాళ్లు, గుడిలో పాడేవాళ్లు. గెర్లిండ్, హాడ్విగ్‌లవి తెల్లముసుగులు. తెల్లముసుగుకు మూడు ప్రార్థనలు నోటికొస్తే చాలు. అక్షరం నేర్వకూడదు, పుస్తకం ముట్టకూడదు. సొంతానికంటూ సూది కూడా ఉంచుకోకూడదు. మోజెల్ నది ఒడ్డున ఆ కన్యాస్త్రీల మఠం నియమం అది. పడుచుపిల్లగా అక్కడికి వచ్చిన గెర్లిండ్ దాన్ని ఎప్పుడూ జవదాటలేదు. ఒక్కసారి తప్ప.

ఒక చలికాలం, చట్రం మీదున్న తోలు ఈగ కుట్టిన చోట పుటుక్కున చిరిగింది. చిరుగును కుట్టేయడం మామూలే. గెర్లిండ్ మాత్రం పరుపు గడ్డిలో దాచుకున్న నీలి దారం తీసి కుట్టింది. ఆ దారం వాళ్లమ్మ నడుముకు కట్టుకునే గుడ్డ అంచుది. ఆకులు పులియబెట్టి అమ్మే వేసిన రంగు. ఆ తోలు రాతగదికి వెళ్లిపోయింది. పుస్తకంలో చేరిందో, చెత్తలో పారేశారో తెలియదు. ఎవర్ని అడగాలి? అడిగితే, హాడ్విగ్‌కు తప్ప ఎవరికీ తెలియని దారం సంగతి బయటపడుతుంది.

"ఆ దారం ఎవరి కంటైనా పడిందో, నీకు రొట్టె ముక్కా నీళ్లే," హాడ్విగ్ గొంతు తగ్గించింది.

"పడనీ అక్కా. ముందు నా కంట పడనీ!"

అంతలో పాటల పెద్ద ఇర్మ్‌ట్రూడ్ వగరుస్తూ వచ్చింది. "గెర్లిండా! చేతులు కడుక్కుని రా. ఆ పుస్తకం చెక్క అట్టలూ ఇత్తడి బొడిపెలూ ఎత్తడం మా పిల్లల వల్ల కావట్లేదు."

"నేనా అమ్మగారూ? మేం పుస్తకం ముట్టకూడదు కదా?"

"ముట్టమని ఎవరన్నారు? మొయ్యమంటున్నాను!"

గెర్లిండ్ చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. గ్రంథాన్ని పసిబిడ్డలా గుండెకు హత్తుకుని వానలో వసారా దాటింది. గుడిలో మేజా మీద దాన్ని తెరిచారో లేదో, చెమ్మగాలికి పుటలు చటుక్కున పైకి లేచాయి. ఇర్మ్‌ట్రూడ్ ఎంత అదిమినా నిలవలేదు.

"నీ తోలే కదా, నీ మాటైతే వింటుంది. అంచు పట్టుకో."

మఠానికి పెద్ద అయిన పెద్దమ్మగారు కనుబొమలు ముడిచింది. పాట వేళ మించిపోతోంది. "సరే, నిలబడనీ. కళ్లు మాత్రం దించుకోవాలి," అంది.

గెర్లిండ్ కళ్లు దించింది. కింద పుస్తకమే ఉంది.

పాట మొదలైంది. ఆమె కళ్లకు అక్షరాలు చీమల బారులే. తోళ్లను మాత్రం గుర్తుపట్టింది. ఇదిగో మచ్చల దూడ, ఇదిగో కత్తి కాస్త లోతుగా దిగిన చోటు! పుట తిరిగింది. లేదు. మళ్లీ తిరిగింది. లేదు. ఇంకో పుట తిరిగింది.

నీలం!

రాత కుట్టు దాకా వచ్చి ఆగి, వాగు దాటినట్టు అవతల మళ్లీ మొదలైంది. అమ్మ దారాన్ని తొక్కకుండా వెళ్లింది. గెర్లిండ్ ఎంత బిగబట్టినా కిసుక్కున నవ్వు వచ్చేసింది. ప్రతి చరణం నడుమా ఊపిరి తీసుకునేందుకు అందరూ మౌనంగా ఉంటారు. నవ్వు సరిగ్గా ఆ మౌనంలోనే పడింది.

పాట ముగిశాక పెద్దమ్మగారు పుట మీదికి వంగింది.

"ఈ దారం ఎక్కడిది?"

"మా అమ్మది. తెల్లదారం అందుబాటులో లేక..." గెర్లిండ్ ఆగింది. "ఉందమ్మగారూ. ఉన్నా ఇదే వేశాను."

"ఇక్కడ నీదీ నాదీ అంటూ ఏమీ ఉండదు. రేపు అందరి ముందూ తప్పు ఒప్పుకో. దీన్ని నేనే కత్తిరించి తెల్లది వేయిస్తాను."

"అలాగే అమ్మగారూ."

వానలో ఆమె తోళ్ల కొట్టానికి నడవలేదు, ఎగిరి వచ్చింది.

"తిట్లు పడ్డాయా?" అంది హాడ్విగ్.

"పడ్డాయి. ఉందక్కా! పుస్తకంలో ఉంది! మా అమ్మ పుస్తకంలో ఉంది!"

"ఓసి నీ దుంపతెగ! ఆవిడకీ అక్షరం రాదు, నీకూ రాదు. ఇద్దరూ కలిసి పుస్తకంలో దూరారన్నమాట!"

ఇద్దరూ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు.

"రేపు కత్తిరించేస్తారట."

"మరి ఏడవవేం?"

"కత్తిరించినా బెజ్జాలుంటాయిగా!" గెర్లిండ్ చట్రం ముందు కూలబడింది. "కాస్త కూర్చుంటా అక్కా. నవ్వి నవ్వి ఆయాసం వస్తోంది."

హాడ్విగ్ నీళ్లకు వెళ్లి వచ్చేసరికి, గెర్లిండ్ తల తోలుకు ఆనించి ఉంది. పెదవుల మీద నవ్వు అలాగే ఉంది. హాడ్విగ్ పేరు పెట్టి పిలిచింది. బిందె దించి మళ్లీ పిలిచింది.

మర్నాడు, గెర్లిండ్‌ను మట్టి చేశాక, పెద్దమ్మగారు కత్తెరతో మేజా దగ్గరికి వెళ్లింది. పుట తెరిచింది. అది చటుక్కున లేచింది.

"అంచు పట్టుకో," అంటూ పక్కకు తిరిగింది. పక్కన ఎవరూ లేరు.

నీలి కుట్టును ఒకసారి వేలితో తడిమింది. తర్వాత కత్తెరను అంగీ చేతి మడతలోకి తోసేసి, ఇర్మ్‌ట్రూడ్‌ను తోళ్ల కొట్టానికి పంపింది.

ఆ సాయంత్రం పాడేటప్పుడు పుట లేవలేదు. గెర్లిండ్ చట్రం నుంచి విప్పిన గులకరాయి, మెడకు తాడు ముక్కతో సహా, నీలి కుట్టు పక్కన అంచును అదిమి పట్టి కూర్చుంది.